చేతితో కట్టిన కారు, ఎడమకాలి భారం



కర్మాగారపు వరుసలో తయారు కాకుండా, ఒక చిన్న షెడ్డులో కొద్దిమంది కలిసి ఇనుప గొట్టాలతో చట్రం వెల్డింగు చేసి, ఒక కారు ఇంజనును, మరొక కారు గేర్‌బాక్సును, వేరొక కారు పెడళ్లను తెచ్చి ఒకటిగా కూర్చిన వాహనాన్ని చేతితో కట్టిన స్పోర్ట్స్ కారు అంటారు. అటువంటి కార్లను ప్రపంచంలో ఏ మూల కట్టినా, వాటిని నడిపేవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. క్లచ్ పెడల్ చాలా గట్టిగా ఉంటుందని, పది నిమిషాలు రద్దీలో నడిపితే ఎడమకాలు పట్టేస్తుందని వారు చెబుతారు. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఏ వరుసలో తగ్గించాలి, దేని జోలికి పోకూడదు అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల శ్రోతలకు ఇది దూరపు విషయం కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల సాయంతో రూపొంది, 1944 ఏప్రిల్‌లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ చేతుల మీదుగా మొదలైన తిరుమల తొలి ఘాట్ రోడ్డు కూడా, 1974లో వాడుకలోకి వచ్చిన రెండో ఘాట్ రోడ్డు కూడా ఇక్కడివే. తిరుపతి ఊరికీ తిరుమల కొండకూ మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తంతా మలుపు మలుపుకూ గేరు మార్చుకుంటూ ఎక్కవలసిందే. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర బారులు తీరిన వాహనాలలో, పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లో, తిరుపతి నుంచి మదనపల్లె వైపు వెళ్లే దారిలోని భాకరాపేట ఘాట్‌లో, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు అంగుళం అంగుళంగా కదిలే లారీలలో డ్రైవరు ఎడమకాలు పడే శ్రమ ఈ ప్రాంతానికి బాగా తెలుసు. స్పోర్ట్స్ కారులోనైనా, పాత జీపులోనైనా, లారీలోనైనా క్లచ్ పనిచేసే సూత్రం ఒక్కటే కాబట్టి, ఒకదాని గురించి తెలుసుకున్నది మిగిలిన వాటికీ పనికొస్తుంది.

ముందుగా క్లచ్ చేసే పనేమిటో చూడాలి. ఇంజను వెనుక తిరిగే బరువైన ఇనుప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికి ఆనుకుని, రెండు వైపులా రాపిడి లైనింగు అతికించిన పలుచని పలక ఉంటుంది. అది క్లచ్ ప్లేట్. ఆ పలకను ఫ్లైవీల్‌కు అదిమిపట్టే మూడో భాగం ప్రెషర్ ప్లేట్. ప్రెషర్ ప్లేటును అదిమేది, మధ్యలో చీలికలతో పళ్లెం ఆకారంలో ఉండే ఉక్కు స్ప్రింగు. దాన్ని డయాఫ్రమ్ స్ప్రింగు అంటారు. కాలు పెడల్ మీద లేనంతసేపూ ఆ స్ప్రింగు పలకను అదిమే ఉంచుతుంది, ఇంజను శక్తి చక్రాలకు చేరుతూనే ఉంటుంది. కాలు పెడల్‌ను తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ అనే ఉంగరం ముందుకు జరిగి స్ప్రింగు మధ్యభాగాన్ని నొక్కుతుంది, అప్పుడు పట్టు వదులుతుంది. అంటే డ్రైవరు కాలు ప్రతిసారీ చేసే పని, ఆ ఉక్కు స్ప్రింగును వంచడమే.

ఆ స్ప్రింగు బలం ఎంత ఉంటుందో ఒక ఉదాహరణతో అర్థమవుతుంది. మెలితిప్పే శక్తి, అంటే టార్కు, 250 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజను ఒకటి ఉందనుకుంటే, అది జారిపోకుండా కొంత మిగులుతో పట్టుకోవడానికి మామూలు సైజు క్లచ్ ప్లేట్ మీద సుమారు 600 కిలోల అదుము కావాలి. డయాఫ్రమ్ స్ప్రింగు తానే ఒక మీటలా పనిచేస్తుంది కాబట్టి, బేరింగు దగ్గర దానిలో నాలుగో వంతు, అంటే 150 కిలోల బలం చాలు. పెడల్ నుంచి బేరింగు దాకా ఉన్న మీటలన్నీ కలిసి కాలి బలాన్ని 12 రెట్లు పెంచితే, కాలు పెట్టవలసిన బలం పన్నెండున్నర కిలోలకు దిగుతుంది. ఈ మూడు అంకెలనూ శ్రోతలు గుర్తుంచుకుంటే మిగిలిన కథంతా సులువుగా సాగుతుంది. పలక దగ్గర 600, బేరింగు దగ్గర 150, కాలి దగ్గర పన్నెండున్నర.

కర్మాగారంలో తయారైన కారులో ఈ లెక్కను ఇంజనీర్లు ముందే వేసి, పెడల్ పొడవునూ, పెడల్ కదలికను బేరింగు వైపు మోసే కేబుల్ దారినీ దానికి తగ్గట్టు అమరుస్తారు. చేతితో కట్టిన కారులో ఆ లెక్క చెదిరిపోతుంది. ఇంజను ఒక కారుదీ, పెడల్ మరొక కారుదీ అయినప్పుడు రెండింటి నిష్పత్తులూ కలవవు. చట్రం ఇరుకుగా ఉండటం వల్ల పెడల్‌ను పొట్టిగా చేస్తారు. ఇంజను చోటు మారడం వల్ల కేబుల్ మెలికలు తిరుగుతుంది. వీటన్నిటికీ తోడు, శక్తి పెంచిన ఇంజను జారకూడదని మరింత గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తారు. ఇలా నాలుగు కారణాలు ఒకేచోట కలిసి, ఆ బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది.

ఈ విషయంలో దక్షిణ భారతానికి తనదైన అనుభవం ఉంది. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకటైన లక్ష్మీ మిల్స్ వారి ఇంట పుట్టిన ఎస్. కరివర్ధన్, 1980ల చివరి సంవత్సరాలలో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెపు కారును రూపొందించారు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడిగా నిలిచిన నారాయణ్ కార్తికేయన్, చిత్తూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న శ్రీపెరంబుదూరు ట్రాక్ మీద తొలి అడుగులు వేసింది ఆ కారులోనే. మారుతి 800 ఇంజను పరిమాణం 796 సీసీ మాత్రమే. దాని టార్కు తక్కువ, కాబట్టి దానికి కావలసిన అదుమూ తక్కువే. కారు బరువు తగ్గించిన వారికి పెద్ద ఇంజను అక్కరలేదు, పెద్ద ఇంజను లేనివారికి గట్టి క్లచ్ అక్కరలేదు. 1957లో లోటస్ సెవెన్ కారును తీసుకొచ్చిన కాలిన్ చాప్‌మన్ ఇంగ్లండులో నడిచిన దారి కూడా ఇదే. క్లచ్ బరువు గురించిన మొదటి నిర్ణయం ఇంజనును ఎంచుకునే రోజునే జరిగిపోతుందని ఈ రెండు కార్లూ చూపుతున్నాయి.

ఇంజను ఎంపిక అయిపోయి, కారు తయారై, పెడల్ బరువుగానే మిగిలితే ఏం చేయాలి? దానికి ముందు ఒక మూలసూత్రాన్ని స్పష్టం చేసుకోవాలి. చేనిలో బండరాయిని గడ్డపారతో పెకలించేటప్పుడు, గడ్డపార ఎంత పొడవైతే బలం అంత తక్కువ సరిపోతుంది, కానీ చేతులు అంత ఎక్కువ దూరం కదలాలి. క్లచ్ పెడల్‌కూ ఇదే వర్తిస్తుంది. మీట నిష్పత్తిని మార్చి కాలి బలాన్ని సగానికి తగ్గిస్తే, పెడల్ కదలవలసిన దూరం రెట్టింపవుతుంది. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. ఈ మాటను మళ్లీ చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే పెడల్‌ను తేలిక చేయబోయి చెడగొట్టిన సందర్భాలలో చాలావరకు ఈ మాటను మరచినవే: బలం తగ్గితే దూరం పెరుగుతుంది.

అయితే ఈ నియమానికి లోబడని బరువు ఒకటి ఉంది. అది రాపిడి. స్ప్రింగును వంచడానికి పెట్టిన బలం పనికొస్తుంది, రాపిడిని గెలవడానికి పెట్టిన బలం వేడిగా మారి వృథాగా పోతుంది. కాబట్టి రాపిడిని ఎంత తగ్గించినా దానికి బదులుగా పోగొట్టుకునేది ఏమీ ఉండదు. అందుకే మొదటి మెట్టు ఎప్పుడూ రాపిడే కావాలి.

బరువు రాపిడి వల్ల వచ్చిందా, స్ప్రింగు వల్ల వచ్చిందా అని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. పెడల్‌ను పూర్తిగా తొక్కి, కాలిని మెల్లగా వెనక్కి తీసుకుంటూ, అది కాలిని ఎంత బలంగా పైకి నెడుతుందో గమనించాలి. తొక్కేటప్పుడు బరువుగా ఉండి, తిరిగి వచ్చేటప్పుడు కూడా గట్టిగా నెడితే ఆ బరువు స్ప్రింగుది. తొక్కేటప్పుడు బరువుగా ఉండి, తిరిగి వచ్చేటప్పుడు నీరసంగా, ఆగి ఆగి వస్తే అందులో పెద్ద భాగం రాపిడిది. పెడల్ పైకి వచ్చే తీరే అసలు సంగతి చెబుతుంది.

రాపిడి దాగే చోట్లలో మొదటిది కేబుల్. గొట్టంలో సాగే తీగ వంపు తిరిగిన ప్రతిచోటా లోపలి గోడను ఒరుసుకుంటుంది, పైగా తీగ మీద లాగుడు పెరిగేకొద్దీ ఆ ఒరిపిడి కూడా పెరుగుతుంది. కేబుల్ వంపులన్నీ కలిపితే సగం చుట్టు తిరిగిందనుకుంటే, రాపిడి గుణకం 0.15 ఉన్న మామూలు కేబుల్‌లో, ఒక కొసన కావలసిన బలానికి రెండో కొసన ఒకటిన్నర రెట్లకు పైగా లాగవలసి వస్తుంది. ఇంతకుముందు చెప్పుకున్న పన్నెండున్నర కిలోలు అక్కడే 20 కిలోలు అవుతాయి. క్లచ్ మారలేదు, స్ప్రింగు మారలేదు, తీగ నడిచిన దారి మాత్రమే మారింది. కాబట్టి కేబుల్‌ను వీలైనంత తిన్నగా, విశాలమైన వంపులతో, సైలెన్సర్ గొట్టపు వేడికి దూరంగా నడపాలి. వేడికి లోపలి ప్లాస్టిక్ పూత మెత్తబడితే తీగ దానిలోకి కోసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత నూనె పోసినా ప్రయోజనం ఉండదు. అప్పుడు కేబుల్‌ను మార్చవలసిందే.

రెండో చోటు పెడల్ తిరిగే ఇరుసు. చేతితో కట్టిన కార్లలో దీన్ని ఒక బోల్టుతోనే సరిపెట్టడం కనిపిస్తుంది. అక్కడ కంచు బుష్ గానీ బేరింగు గానీ వేసి గ్రీజు పట్టిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మూడో చోటు గేర్‌బాక్సు లోపల బేరింగును నెట్టే ఫోర్కు, అది ఆనే గుండు, బేరింగు జారే గొట్టం. ఇవి కంటికి కనబడవు కాబట్టి మరుగున పడతాయి. గేర్‌బాక్సును దించిన ప్రతిసారీ వాటిని తుడిచి, అరుగుదల చూసి, వేడిని తట్టుకునే గ్రీజును పలుచగా పూయాలి. ఎక్కువ పూస్తే అది ఎగిరి క్లచ్ ప్లేట్ మీద పడి పట్టు చెడుతుంది.

ఇక్కడే మరొక విషయం చెప్పాలి. డయాఫ్రమ్ స్ప్రింగు ఉన్న క్లచ్‌లో లైనింగు అరిగేకొద్దీ స్ప్రింగు కూర్చునే కోణం మారి, పెడల్ క్రమంగా బరువెక్కుతుంది. కొత్తలో తేలికగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిన పెడల్, ప్లేట్ మార్చవలసిన సమయం దగ్గరపడిందని తెలిపే సూచన కావచ్చు. పాత ప్లేట్‌ను అలాగే ఉంచి మీటలు మార్చడం రోగాన్ని వదిలి నొప్పిని అణచడమే అవుతుంది.

రాపిడి తీరిన తర్వాతి మెట్టు మీట. పెడల్ పొడవునో, ఫోర్కు పొడవునో మార్చడం ఒక దారి. కేబుల్‌కు బదులు ద్రవంతో బలాన్ని పంపే పద్ధతి, అంటే హైడ్రాలిక్ క్లచ్ వేయడం మరొక దారి. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, ఫోర్కు దగ్గర స్లేవ్ సిలిండరు ఉండి, ఒకదానిలోంచి నెట్టిన ద్రవం రెండోదాన్ని కదుపుతుంది. గొట్టం ఎన్ని వంపులు తిరిగినా ద్రవానికి తీగకు ఉన్నంత రాపిడి ఉండదు కాబట్టి, మెలికల దారి తప్పని కార్లకు ఇది సరిపోతుంది.

హైడ్రాలిక్ క్లచ్‌లో మాస్టర్ సిలిండరును చిన్నది చేస్తే పెడల్ తేలికవుతుంది. అయితే ఇక్కడే ఆ సూత్రం ఎదురవుతుంది. 19 మిల్లీమీటర్ల సిలిండరు తీసి 16 మిల్లీమీటర్లది వేస్తే కాలి బలం పన్నెండున్నర కిలోల నుంచి తొమ్మిది కిలోలకు దిగుతుంది. అదే సమయంలో బేరింగు కదిలే దూరం 10 మిల్లీమీటర్ల నుంచి 7 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఆ క్లచ్ పూర్తిగా విడిపోవడానికి 8 మిల్లీమీటర్లు కావాలంటే, పెడల్‌ను అడుగంటా తొక్కినా క్లచ్ విడదు, గేరు పడేటప్పుడు గరగరమంటుంది, పళ్లు అరుగుతాయి. అదే 17.5 మిల్లీమీటర్ల సిలిండరు వేసి ఉంటే బేరింగు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు కదిలేది, కాలి బలం పదిన్నర కిలోలకు దిగేది, క్లచ్ కూడా శుభ్రంగా విడిపోయేది. కాబట్టి సిలిండరు కొనకముందే బేరింగుకు కావలసిన కదలికను కొలవాలి. మిగులు ఎంత ఉంటే అంతే తేలిక చేయగలరు, అంతకు మించి చేయలేరు.

ఆ మిగులును తెలియకుండా మింగేసే లోపం ఒకటి ఉంది. పలుచని రేకుకు బిగించిన పెడల్, తొక్కినప్పుడు రేకుతో సహా ముందుకు వంగుతుంది, కాలు కదిలిన దూరంలో కొంత అక్కడే పోతుంది. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు ఇంజను గది వైపు నుంచి ఆ రేకును చూస్తే ఈ లోపం బయటపడుతుంది. దాని వెనుక ఒక ఇనుప పట్టీ వెల్డింగు చేస్తే పోయిన దూరం తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చిన దూరాన్ని పెడల్‌ను తేలిక చేయడానికి వాడుకోవచ్చు.

మూడో మెట్టు క్లచ్ ప్లేట్. ఒక పలకకు బదులు రెండు పలకలు వేస్తే పట్టే ముఖాలు రెండు నుంచి నాలుగు అవుతాయి. అప్పుడు అదే టార్కును 600 కిలోలకు బదులు 300 కిలోల అదుముతోనే పట్టవచ్చు. శక్తివంతమైన ఇంజనులున్న కార్లకు ఇది మంచి పరిష్కారం. ఖర్చు ఎక్కువ కావడం, రెండు పలకలూ విడిపోవడానికి బేరింగు మరికొంత కదలవలసి రావడం దీనిలోని ఇబ్బందులు. ఇక్కడ కూడా బలం తగ్గితే దూరం పెరిగింది.

నాలుగో మెట్టు బయటి సాయం. పెడల్ దగ్గర ఒక స్ప్రింగును ప్రత్యేకమైన కోణంలో అమరిస్తే, తొక్కడం మొదలైనప్పుడు అది కొద్దిగా అడ్డుపడి, మధ్య బిందువు దాటాక కాలితోపాటు తానూ నెడుతుంది. చాలా కార్లలో ఇది ఉంటుంది. ఇంజను పీల్చే గాలి వల్ల ఏర్పడే శూన్యాన్ని వాడుకుని నెట్టే సర్వో మరొకటి. లారీలలో, బస్సులలో బ్రేకుల కోసం కంప్రెసర్ నింపే గాలితోనే క్లచ్‌కూ సాయం చేసే బూస్టర్ ఉంటుంది. బూస్టర్ పనిచేస్తున్న లారీకీ, పాడైన లారీకీ తేడా ఏమిటో ఘాట్ ఎక్కిన డ్రైవర్లను అడిగితే ఒక్క మాటలో చెబుతారు. అటువంటి బూస్టర్‌ను బాగుచేయకుండా బండిని రోడ్డు మీదికి పంపే యజమాని, మరమ్మతు ఖర్చును డ్రైవరు మోకాలి మీద వేస్తున్నాడన్న సంగతి గ్రహించాలి.

ఈ నాలుగు మెట్లూ అయ్యాక, జోలికి పోకూడనిదేదో చెప్పాలి. పెడల్ తేలిక కావాలని తక్కువ బలమున్న ప్రెషర్ ప్లేటు వేయడం అన్నిటికంటే సులువైన పని, అన్నిటికంటే ప్రమాదకరమైన పని కూడా. సమతల రోడ్డు మీద ఆ లోపం కనబడకపోవచ్చు. నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు, ఇంజను పూర్తి బలంతో లాగవలసిన మలుపులో, పలక జారడం మొదలవుతుంది. ఇంజను చప్పుడు పెరుగుతుంది, వేగం పెరగదు, లైనింగు మాడిన వాసన వస్తుంది. జారిన పలక వేడెక్కుతుంది, వేడెక్కిన పలక ఇంకా జారుతుంది. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ ఉన్న దారిలో, వెనుక వాహనాల వరుస ఉండగా, బండి లాగడం మానేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. స్ప్రింగు బలం భద్రతకు సంబంధించినది. పలకల సంఖ్య పెంచకుండా దాన్ని తగ్గించకూడదు. ఇంజను టార్కు లెక్క వేసి, అవసరానికి మించి ఎంతో గట్టిగా ఉన్న ప్లేటు పడిందని తేలినప్పుడు మాత్రమే దాన్ని సరైన దానితో మార్చాలి.

సీటు విషయం చిన్నదైనా విడిచిపెట్టదగినది కాదు. మోకాలు బాగా ముడుచుకుని ఉన్నప్పుడు కాలికి నెట్టే బలం తక్కువ, దాదాపు చాచి ఉన్నప్పుడు ఎక్కువ. పెడల్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేట్టు, నడుముకు వెనుక ఆధారం ఉండేట్టు సీటును అమరిస్తే, ఒక్క భాగమూ మార్చకుండానే అదే పెడల్ తేలికగా తోస్తుంది. కాలిని ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి నడిపే అలవాటును మానుకుంటే కాలికీ విశ్రాంతి, బేరింగుకూ ఆయుష్షు.

శ్రోతలారా, వరుసను మరొక్కసారి చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ముందు రాపిడి, తర్వాత మీట, ఆ తర్వాత పలక, చివర బయటి సాయం. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, బరువు మాత్రం పోదు. రాపిడి నిండిన కేబుల్‌కు బూస్టర్ తగిలిస్తే ఆ రాపిడి అలాగే ఉండి, ఏదో ఒక రోజు కేబుల్ తెగుతుంది.

2022 సెప్టెంబరు నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. విద్యుత్ మోటారు నిలిచిన స్థితి నుంచే పూర్తి టార్కు ఇవ్వగలదు కాబట్టి ఆ బస్సులకు క్లచ్ పెడల్ లేదు, వాటి డ్రైవరు ఎడమకాలికి ఆ శ్రమా లేదు. అయినా లారీలు, ట్రాక్టర్లు, జీపులు ఇంకా చాలా ఏళ్లు క్లచ్‌తోనే ఈ కొండలు ఎక్కుతాయి. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు పోటీల కోసం తమ చేతులతో కార్లు కడుతూనే ఉంటారు. ఆ విద్యార్థులు చట్రానికి మొదటి వెల్డింగు వేయకముందే ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోవాలి: పలకకు కావలసిన అదుము, బేరింగుకు కావలసిన కదలిక, కాలు మోయగల బలం. ఆ మూడూ కుదిరిన తర్వాతే పెడల్‌కు చోటు నిర్ణయించాలి. కారు తయారయ్యాక దాన్ని కట్టినవారే కాకుండా, వారికంటే తక్కువ బలమున్న వ్యక్తి కూడా అందులో కూర్చుని, రద్దీ రోడ్డు మీద ఒక గంట నడిపి చూడాలి. ఆ వ్యక్తి కాలు అలసిపోకుండా దిగితేనే ఆ కారు పూర్తయినట్టు లెక్క.